తెడ్లపాల చెట్టు చెప్పే చరిత్ర: కర్ర గిన్నె వెనుక ఎవరి చేతులు?

మన గుట్టల వాలుల్లో, చేల గట్ల మీద, బీడు భూముల్లో పెరిగే ఒక చిన్న చెట్టు పేరు తెడ్లపాల. ఆకు తుంచితే పాలు కారుతాయి కాబట్టి పాల అన్నారు. మరి ముందున్న ఆ తెడ్లు ఎక్కడివి? అంబలి కలిపే తెడ్డుకు పనికొచ్చే కర్ర అని పేరే చెబుతోంది. కోస్తా వైపు ఇదే చెట్టును అంకుడు అంటారు. శాస్త్రవేత్తలు రైటియా టింక్టోరియా అని పిలుస్తారు. మన ముందుతరాల వాళ్లు పుస్తకాలు రాయలేదని మనకు చరిత్ర లేదనుకోవద్దు. వాళ్లు తెలుసుకున్నదాన్ని చెట్ల పేర్లలో దాచిపెట్టారు.

ఈ ప్రత్యేక సంచికలో పండుగల గురించి, పాటల గురించి, వేషధారణ గురించి పెద్దలు రాస్తారు. మేము మాత్రం కర్ర గిన్నె గురించి రాయాలనుకున్నాం. రంగురంగుల కర్ర గిన్నె, కుంకుమ భరిణె, లక్కపిడతల బుట్ట ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లో అద్దాల వెనక ఉంటున్నాయి. వాటి మీద ఒక ఊరి పేరు ఉంటుంది. ఆ పేరు ఆ ఊరికి న్యాయంగా వచ్చిందే, అందులో అనుమానం లేదు. అయితే గిన్నె ఆ దుకాణానికి చేరే ముందు చెట్టును గుర్తుపట్టిన చేయి ఒకటుంది, కొమ్మ మీది లక్క గీసిన చేయి ఒకటుంది, రంగు గింజలు ఏరిన చేయి ఒకటుంది. వాటిలో చాలా చేతులు గూడేలవి. ఆ సంగతి మన పిల్లలకే తెలియకపోతే వేరేవాళ్లు చెబుతారని ఎదురుచూడలేం.

ఆకు, సొరకాయ బుర్ర, కర్ర

ఇత్తడి, రాగి పాత్రలు అందరి ఇళ్లలోకి ఒకేసారి రాలేదు. అవి డబ్బున్న ఇంటి సొమ్ము. అడవి దగ్గర బతికిన వాళ్లకు మొదటి గిన్నె ఆకు. మోదుగ ఆకులను పుల్లలతో కుట్టి దొప్ప చేస్తే అందులో కూర నిలుస్తుంది, గంజి నిలుస్తుంది. తిన్నాక పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. రెండో గిన్నె సొరకాయ. ఎండిన సొరకాయలో గుజ్జు, గింజలు తీసేస్తే నీళ్లకు, జావకు బుర్ర తయారవుతుంది. ఎండాకాలం చేనుకు పోయేటప్పుడు ఆ బుర్రలో నీళ్లు చల్లగా ఉంటాయని గోండు, కోయ గూడేల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

మూడోది కర్ర. రోలు, రోకలి, కవ్వం, తెడ్డు, పశువుల తొట్టి కర్రతోనే చేసుకున్నారు. కర్రతో చేసిన వెడల్పాటి గిన్నెను తెలుగులో మరిగె అనేవారు. ఇప్పుడు ఆ మాట వాడేవాళ్లు తక్కువ. బ్రౌన్ దొర నిఘంటువులాంటి పాత పుస్తకాల్లో మాత్రం మిగిలింది. వస్తువు ఇంట్లోంచి పోతే, దాని వెంట మాట కూడా పోతుందనడానికి మరిగె మంచి ఉదాహరణ.

తండాల సంగతి చూద్దాం. మన బంజారా పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్లు. ఎద్దు వీపు మీద మట్టికుండ ఎన్నాళ్లు నిలుస్తుంది? నడిచే సంసారానికి తేలికగా ఉండేవి, పగలనివి కావాలి. అందుకే గోనె, తోలు, సొరబుర్ర, కర్ర వాళ్లకు దగ్గర. ఒకచోట కూర్చున్న రైతు ఇంటి గిన్నె వేరు, నడిచే వాళ్ల గిన్నె వేరు. బతుకు ఎట్లా ఉంటే పాత్ర అట్లా ఉంటుంది.

చెక్కడం వేరు, తిప్పి చేయడం వేరు

కర్రతో గిన్నె చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది చెక్కడం. దుంగను ముందు పెట్టుకుని బాడిసెతో, ఉలితో కొద్దికొద్దిగా తొలుస్తారు. ఇందులో కర్ర కదలదు, చేయి తిరుగుతుంది. రెండోది తిప్పి చేయడం. కర్ర ముక్కను ఇరుసుకు బిగించి గిరగిరా తిప్పుతారు, ఉలి ఒకచోట నిలిచి ఉంటుంది. కర్ర తనంతట తాను గుండ్రంగా తేలుతుంది. ఆ సాధనాన్ని పాత తెలుగులో తరిమెన అనేవారు. ఇప్పుడు లేత్ మిషన్ అంటున్నాం.

కరెంటు రాకముందు లేత్‌కు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగేవారు. ఇంకొకరు ఉలి పట్టుకునేవారు. తాడు లాగే చేయి అలసిపోతే గిన్నె వంకర వస్తుంది. ఉలి పట్టినవారినే కళాకారుడు అంటాం. తాడు లాగినవారి పేరు, చాలాసార్లు వాళ్లు ఆ ఇంటి ఆడవాళ్లో పిల్లలో అయి ఉంటారు, ఎక్కడా కనిపించదు. ఈ వ్యాసమంతా చెప్పేది ఆ తాడు లాగిన చేతుల గురించేనని అనుకోండి.

గోదావరి అవతల నిర్మల్

మన నిజామాబాద్ జిల్లాకు దగ్గరగా, గోదావరి దాటితే నిర్మల్ ఉంది. నిర్మల్ బొమ్మలంటే తెలియని తెలుగువాళ్లు లేరు. అక్కడి నకాషీ కళాకారులు వాడేది పొనికి కర్ర. ఎండితే అది చాలా తేలిక, మెత్తన. చెక్కడానికి వీలుగా ఉంటుంది. ముక్కలను అతికించి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ఆ ముద్దతో వంపులు దిద్ది, పైన తెల్లటి పూత వేసి, ఆ తర్వాత రంగులద్దుతారు. సీతాఫలం, జామ, మామిడి లాంటి పండ్లను అసలు పండ్లే అనుకునేట్టు చేస్తారు.

నిజాం పాలన కాలంలో లేడీ హైదరీ ఈ పనిని ఆదరించి, నిర్మల్ కళాకారులను హైదరాబాద్‌కు రప్పించారు. ఆ తర్వాత నిర్మల్ పని బొమ్మలతో ఆగలేదు. బంగారు పూతలాంటి మెరుపుతో పళ్లేలు, గిన్నెలు, పెట్టెలు, చిత్రపటాలు వచ్చాయి. 1955లో నిర్మల్‌లో కళాకారుల సహకార సంఘం ఏర్పడింది. ఇట్లా ఒక పల్లె పని పట్నం డ్రాయింగ్ రూముల్లోకి చేరింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పొనికి కర్ర నిర్మల్ బజారులో పుట్టదు. ఆదిలాబాద్ అడవుల్లో పుడుతుంది. ఆ అడవుల్లో గోండులు, కొలాములు, నాయకపోడులు తరతరాలుగా ఉన్నారు. పొనికి తేలిక, చెక్కితే చీలదు అనే తెలివి గూడేల్లో కూడా ఉంది. నాయకపోడుల కొలుపుల్లో తల మీద ధరించే లక్ష్మీదేవర ప్రతిమ, ఆటలో పెట్టుకునే ముఖాలు అట్లాంటి తేలిక కర్రతోనే చేస్తారు. తల మీద మోసి గంటలకొద్దీ ఆడాలంటే బరువు కర్ర పనికిరాదు కదా. ఒకే చెట్టు అంగట్లో బొమ్మగా మారింది, మన గూడెంలో దేవుడుగా నిలిచింది.

ఏటికొప్పాక: తిరిగే కర్ర, కరిగే లక్క

నిర్మల్ పని ఎక్కువగా చెక్కేది, రంగు పూసేది. తిప్పి చేసే గిన్నెకు తెలుగునాట అసలు చిరునామా ఏటికొప్పాక. ఇది అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు, అమ్మ దాచుకున్న కుంకుమ భరిణె చాలావరకు ఈ పద్ధతి పనివే. వాళ్లు వాడే కర్ర అంకుడు. అంటే మన తెడ్లపాలే.

పని జరిగే తీరు మన యువతకు తెలియాలి. ముందు కొమ్మలు కొట్టి బెరడు తీసి నీడలో ఆరబెడతారు. పచ్చి కర్రను ఎండలో పడేస్తే బయట త్వరగా ఆరి, లోపల తడి మిగిలి, నెర్రెలు ఇస్తుంది. కర్ర చివరల నుంచే తడి ముందుగా పోతుంది, అందుకే పగుళ్లు అక్కడ మొదలవుతాయి. ఆరిన కర్రను కావలసిన పొడవుకు కోసి లేత్‌కు బిగిస్తారు. మొదట బయటి రూపం తీస్తారు, తర్వాత లోపల తొలుస్తారు. గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకవైపు పలుచగా, ఒకవైపు మందంగా ఉంటే తర్వాత ఎప్పుడో అక్కడే పగులుతుంది.

తర్వాత వచ్చేది రంగు. ఇక్కడ కుంచె ఉండదు. లక్కను వేడి చేసి, రంగు కలిపి, పిండిలా పిసికి కడ్డీలు చేసి పెట్టుకుంటారు. లేత్ మీద గిన్నె తిరుగుతుండగా ఆ కడ్డీని ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి, కర్రకు అంటుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తి పట్టుకుంటే పూత సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఒక రంగు పక్కన ఇంకో రంగు గీతలా పెట్టడం అనుభవం మీద వచ్చే విద్య.

ఇంకో మాట. ఈ భరిణెలు, పిడతలు ఎందుకు చిన్నవి? అంకుడు పెద్ద మాను కాదు. కొమ్మ ఎంత లావుంటే గిన్నె అంత వెడల్పు. చెట్టే కొలత పెట్టింది, పనివాడు ఆ కొలతలో అందం వెతికాడు. కర్ణాటకలో చన్నపట్నం బొమ్మల వాళ్లు కూడా ఇదే చెట్టు కర్రను, ఇదే లక్కను వాడతారు. అందుకే ఆ రెండు ఊళ్ల వస్తువులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి.

గత శతాబ్దం చివర్లో చౌకైన రసాయన రంగులు, ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాక ఏటికొప్పాక పని బాగా దెబ్బతింది. ఆ ఊరికే చెందిన సి.వి.రాజు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి, చెట్ల గింజల నుంచి, వేళ్ల నుంచి, ఆకుల నుంచి, లక్క నుంచి రంగులు తీసే పద్ధతులను మళ్లీ నిలబెట్టారు. పసుపు కొమ్ము నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అన్న మాట ఆ ఊరికి మళ్లీ గిరాకీ తెచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే నడిచింది.

పేరు వచ్చాక కూడా ఆ కళాకారులు చెప్పే కష్టం ఒకటే: అంకుడు కర్ర దొరకడం లేదు. చుట్టుపక్కల చెట్టు తగ్గిపోయింది. చెట్టు లేకపోతే లేత్ ఉన్నా, విద్య ఉన్నా, పద్మశ్రీ ఉన్నా గిన్నె పుట్టదు.

లక్క ఎవరిది?

లక్క గని నుంచి రాదు, చెట్టు రసమూ కాదు. లేత కొమ్మల మీద గుంపులుగా బతికే ఒక చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. మోదుగ, రేగు, పుసుగు చెట్లంటే ఆ పురుగుకు ఇష్టం. పూర్వం నుంచీ ఈ లక్కను కొమ్మల మీద నుంచి గీసి తెచ్చేవారు అడవి మనుషులే. మహాభారతంలో లక్క ఇంటి కథ అందరికీ తెలుసు. ఆ ఇంటికి కావలసినంత లక్క ఏ అడవిలో ఎవరు ఏరి తెచ్చారో కథ చెప్పదు.

లక్క తీయడంలో ఒక నియమం ఉంది. అంతా గీసేయకూడదు. విత్తనం కోసం కొన్ని కొమ్మలు వదలాలి. వాటి నుంచి పిల్ల పురుగులు బయటకు వచ్చి కొత్త కొమ్మలు పడతాయి. తర్వాత ఆ చెట్టుకు విశ్రాంతి ఇచ్చి, ఇంకో చెట్టు దగ్గరకు పోవాలి. ఇది ఏ కాలేజీలోనూ మొదట పుట్టిన పాఠం కాదు. అడవిలో బతకాలంటే రేపటికి కొంత ఉంచాలని తెలిసినవాళ్ల పాఠం.

ఆ లక్క ఎంత దూరం పోయిందో తెలుసా? ప్లాస్టిక్ రికార్డులు రాకముందు ప్రపంచమంతా పాటలు విన్న గ్రామఫోను రికార్డులు లక్కతో చేసినవే. అందులో పెద్ద భాగం మన దేశపు అడవుల నుంచి పోయిన లక్క. ఎక్కడో లండన్‌లో పాట మోగితే దాని కింద ఒక ఆదివాసీ స్త్రీ గీసిన మోదుగ కొమ్మ లక్క ఉండేది. ఆమెకు ఆ పాట వినబడలేదు.

మన నిజామాబాద్ వాళ్లకు ఇట్లాంటి గొలుసు కొత్త కాదు. తునికి ఆకు అడవిలో తెంపేది ఒకరు, ఇంట్లో కూర్చుని బీడీ చుట్టేది ఇంకొకరు, కట్ట మీద పేరు మూడోవారిది. కర్ర గిన్నెది కూడా అదే కథ. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది ఇందుకే: ఏరిన చేతికి దళారీ మోసం లేకుండా ధర రావాలని. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు మొదటి జాబితాలోనే లక్క ఉంది.

అడవికి గీత గీసినప్పుడు

అయితే అడవిలో ఇంత తెలివి ఉన్న మనవాళ్ల దగ్గర గిన్నెల ఊరు ఒకటి ఎందుకు పుట్టలేదు? దీనికి జవాబు అడవి చరిత్రలో ఉంది.

నిజాం కాలంలో అడవులను రిజర్వు చేస్తూ హద్దులు గీశారు. హద్దు లోపల పోడు నేరం, మేత నేరం, కొమ్మ కొట్టడం నేరం అయ్యాయి. అడవి శాఖ మనుషులకు మామూళ్లు కట్టక తప్పని రోజులు వచ్చాయి. ఆ బాధలోంచే జోడేఘాట్ గుట్టల్లో కొమరం భీం లేచాడు. 1940లో ఆయన అమరుడయ్యాడు. జల్ జంగల్ జమీన్ అన్న మాట మన అందరి మాట అయింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, భూమి, అడవి పోగొట్టుకున్న వాళ్ల బాధలు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాలాంటి వాళ్లకు అది గర్వంగా గుర్తుంచుకోవలసిన సంవత్సరం.

కర్ర పని ఒక రోజులో రాదు. ఏ చెట్టు కర్ర ఎట్లా ఆరుతుంది, ఏది చీలుతుంది, ఏది పురుగు పడుతుంది అని తండ్రి దగ్గర కొడుకు, తల్లి దగ్గర కూతురు ఏళ్ల తరబడి చూసి నేర్వాలి. కొమ్మ కొట్టడమే నేరమైన చోట ఆ నేర్పు ఒక తరం ఆగినా తెగిపోతుంది. పట్నం కళాకారుడికి అనుమతి కర్ర వచ్చే దారి ఉంది. గూడెం మనిషికి తన వాకిట్లో చెట్టు కూడా భయమే అయింది. మన దగ్గర చేతిపని తగ్గడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదు, కర్ర అందకపోవడం కారణమని మా అభిప్రాయం.

రెండు చక్కెర ఊళ్లు

ఇక మన ఎడపల్లి దగ్గరకు వద్దాం. 1923లో మొదలై 1931కి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లు బోధన్ దాకా వచ్చాయి. ఎడపల్లి పక్కనే అలీసాగర్ చెరువు కట్టారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుల్లో ఒకటని మనం పాఠాల్లో చదివాం. మెట్ట చేలు, తుప్పల బీళ్లు చెరుకు మడులు, వరి మడులు అయ్యాయి. దూరాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. తండాల వాళ్లకు చెరుకు కొట్టే కూలి, బండ్లు తోలే పని దొరికింది. ఎన్నో ఇళ్లు ఆ మిల్లు సైరన్ మీద బతికాయి.

ఏటికొప్పాకలోనూ 1930లలోనే రైతుల సహకార చక్కెర మిల్లు వచ్చింది. అంటే కర్ర గిన్నెల ఊరు కూడా చెరుకు ఊరే. చక్కెర వచ్చిన చోట చేతిపని చావాలని ఏమీ లేదు. అక్కడ పనివాళ్ల దగ్గర లేత్ ఉంది, విద్య ఉంది, వాళ్ల పక్కన నిలబడే మనుషులు ఉన్నారు. ఇక్కడ గట్టు మీది చెట్టు పోయింది, చెట్టుతో పాటు దాని పేరు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. 2015 డిసెంబరులో బోధన్ మిల్లుకు లే ఆఫ్ ప్రకటించారు. తెరిపించాలని కార్మికులు, రైతులు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. మిల్లును నమ్మి చెట్టును వదిలాం, చివరికి మిల్లు కూడా నిలవలేదు.

చక్కెర మిల్లు మన చేతిలో లేదు. చెట్టును తెలుసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

మనం చేయగలిగింది

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇది చదివి రేపే అందరూ లేత్ మిషన్లు కొనమని మేము చెప్పడం లేదు. చదువు మానుకుని చేతిపని పట్టమని అసలే చెప్పం. మీరు చదవాలి, ఉద్యోగాలు చేయాలి. దాంతో పాటు ఈ నాలుగు పనులు చేయవచ్చు.

మొదటిది, చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోండి. తెడ్లపాల, కొడిసపాల రెండూ పాలు కారేవే, రెండింటికీ తెల్లటి పూలే. కాయ చూస్తే తేడా తెలుస్తుంది. తెడ్లపాల కాయలు జంటగా వేలాడతాయి, లేతగా ఉన్నప్పుడు ఆ రెంటి కొసలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొడిసపాల కాయలు జంటగానే ఉన్నా కొసలు విడివిడిగా ఉంటాయి. తెడ్లపాల ఆకు నుంచి నీలి రంగు కూడా తీసేవారు. శాస్త్రీయ నామంలోని టింక్టోరియా అనే మాటకు రంగుకు పనికొచ్చేది అని అర్థం. మల్లారం వైపు, ఇందల్వాయి, సిరికొండ అడవుల వైపు పోయినప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి.

రెండోది, పెద్దలను అడిగి రాసుకోండి. ఏ కర్రతో తెడ్డు, ఏ కర్రతో నాగలి, ఏ కర్రతో కవ్వం, ఏది పొయ్యిలో కూడా పెట్టకూడదు? గోండిలో ఆ చెట్టును ఏమంటారు, గోర్‌బోలిలో ఏమంటారు? ఇప్ప చెట్టును మనవాళ్లు ఎందుకు కొట్టరు? గన్నేరు, ముషిణి కర్రలతో తిండి గిన్నె ఎందుకు చేయకూడదు? ఇవి విషపు చెట్లు, ప్రాణం మీదకు వస్తాయి. ఇట్లాంటి తెలివి లేకుండా లేత్ పట్టినవాడు అందమైన గిన్నె చేయగలడు కానీ మంచి గిన్నె చేయలేడు. మా హాస్టల్ పిల్లలకు సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మేము ఇచ్చే పని ఇదే: ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చుని ఐదు చెట్ల పేర్లు, వాటి ఉపయోగాలు రాసుకుని రావాలి. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది.

మూడోది, చట్టం తెలుసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. అందులో వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు ఉన్నాయి. కలప లేదు. కాబట్టి అడవిలోకి పోయి అంకుడు కొమ్మ కొట్టుకోవచ్చని అనుకోకండి. పట్టా భూమిలో చెట్టు కొట్టడానికి కూడా వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. దారి ఒకటే, మన గట్ల మీద మనమే నాటాలి. తెడ్లపాల రాళ్ల నేలలో, తక్కువ నీటిలో బతుకుతుంది.  మొక్కలు అడిగేటప్పుడు ఊరి నర్సరీలో తెడ్లపాల, పొనికి, పుసుగు కూడా పెంచమని అడగండి. గ్రామసభలో అడగడానికి మనకు ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

నాలుగోది, మన దగ్గర ఉన్నదాన్ని తక్కువగా చూడకండి. ఏటికొప్పాక వాళ్లు పసుపు రంగు తీసే పసుపు కొమ్ముకు దేశంలో పెద్ద అంగడి మన నిజామాబాద్. లక్క పట్టే మోదుగ వసంతం వస్తే మన బీళ్లన్నీ ఎర్రగా చేస్తుంది. తెడ్లపాల మన గుట్టల మీదే ఉంది. గాలివానకు విరిగిన వేప, తుమ్మ, చింత కొమ్మలు ఎన్నో పొయ్యిలోకి పోతున్నాయి. కర్ర, లక్క, రంగు మూడూ మన చుట్టూ ఉన్నాయి. మధ్యలో లేనిది తిప్పే విద్య ఒక్కటే. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివే మన అబ్బాయిలకు ఇనుము తిప్పడం వస్తుంది. కర్ర తిప్పడానికి వాళ్లకు కావలసింది కొద్దిపాటి శిక్షణ, ఒక మంచి గురువు. మన సంఘం ఏటికొప్పాకకో నిర్మల్‌కో ఒక జట్టును పంపి, పదిహేను రోజులు పని చూపించి తేగలిగితే ఈ సంచిక ఖర్చుకు అంతకంటే మంచి ఫలితం ఉండదని మా విన్నపం.

చరిత్ర పుస్తకంలో గిన్నె కింద రాసే పేరు చివరి చేతిది. దాన్ని చెరిపేయమని మేము అడగడం లేదు. నిర్మల్ కళాకారులు, ఏటికొప్పాక కళాకారులు మనకు గురువుల వంటివారు. ఆ పేరు పక్కన మొదటి చేతి పేరు కూడా రాయాలని అడుగుతున్నాం. అది రాయాలంటే మొదటి చేతి మనవలైన మీకు ముందు చెట్టు పేరు తెలియాలి. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ తాతను, మీ నానమ్మను అడిగి ఐదు చెట్ల పేర్లు రాసి మన సంఘానికి పంపండి. వచ్చే ఏడాది సంచికలో మీ పేర్లతో, వాళ్ల పేర్లతో అచ్చువేద్దాం.